మిరప చేలో హాజరు

టీచర్లకు ఓపిక ఉండాలని నాకు బోధించినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఎవరికైనా ఎప్పుడైనా జీతం నెలల తరబడి ఆగిందేమో నాకు తెలియదు. ఆగి ఉండదనే నా అనుమానం. అలాంటి ఉపన్యాసం విన్న ప్రతిసారీ నెక్కొండ పక్క పల్లెలో నేను చేసిన మొదటి ఏడాది ఉద్యోగం గుర్తుకొస్తుంది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఓపిక లేదు. లేకపోవడం తప్పని ఇప్పటికీ ఒప్పుకోను. కానీ ఆ ఏడాది ఆ బడికి జరిగింది నా చేతిరాతతో జరిగింది. అది మాత్రం ఒప్పుకుని తీరాలి.

ఎనభైల మధ్యలో మాట ఇది. సర్కారు స్పెషల్ టీచర్లని కొత్తగా ఒక జాతిని పుట్టించింది. పని మామూలు టీచర్ల పనే. అవే పాఠాలు, అవే పరీక్షలు. జీతం మాత్రం నెలకు నాలుగు వందలకు రెండు రూపాయలు తక్కువ. దాని మీద ఇంకేమీ లేదు. మచ్చ పడకుండా కొన్నేళ్ళు చేస్తే రెగ్యులర్ స్కేలు ఇస్తారని అందరం చెప్పుకునేవాళ్ళం. మచ్చ పడితే విచారణా గిచారణా ఉండదు, ఒక్క కాగితంతో ఇంటికి పంపుతారని కూడా చెప్పుకునేవాళ్ళం. రెండో మాట చెప్పుకునేటప్పుడు గొంతు తగ్గేది.

మాది వరంగల్ బజారులో కిరాణా దుకాణం. నా ఆర్డరు చూసి మా నాన్న త్రాసు పక్కన పెట్టి మరీ నవ్వాడు.

"నాలుగు నూర్లకు రెండు తక్కువనా? రైలు పాసుకు, చెప్పులకే పాయె. ఇంట్ల కూసోని పాపడాలు ఒత్తుకున్నా ఇంతకంటె ఎక్కువొస్తది బిడ్డా."

"సర్కారు కొలువు నాయినా" అన్నాను.

"సర్కారుకు నువ్వే ఎదురిచ్చి చేస్తన్నట్టుంది కొలువు" అన్నాడు, మళ్ళీ త్రాసు అందుకుంటూ.

రోజూ పొద్దున డోర్నకల్ వైపు వెళ్ళే ప్యాసింజరు ఎక్కి నెక్కొండలో దిగి, అక్కడి నుంచి ముప్పావు గంట నడిస్తే ఆ పల్లె. బడికి ఒకటే గది, ముందు వరండా. గదిలో సగం సొసైటీ వాళ్ళ యూరియా బస్తాలు ఉండేవి. వాటిని తాత్కాలికంగా పెట్టామని చెప్పి అప్పటికి నాలుగేళ్ళయిందట. పెద్ద తరగతుల పిల్లలు ఆ బస్తాలకు ఆనుకుని కూర్చునేవాళ్ళు. వానాకాలం పెంకుల మధ్య నుంచి నీళ్ళు కారితే ముందు బస్తాలను జరపడానికి ఊళ్ళోంచి మనుషులు వచ్చేవాళ్ళు. పిల్లలను మేమే జరుపుకునేవాళ్ళం.

నాకంటే ముందు ఆ బడికి ఉన్నది ఒక్కరే, పెద్దసారు. యాభై దాటిన మనిషి, సన్నగా, తెల్లటి పైజామా లాల్చీలో ఉండేవాడు. చిన్నప్పుడు ఉర్దూలో చదువుకున్నవాడు కావడంతో పిల్లల చేత "ఎస్ సార్" అనిపించేవాడు కాదు, "హాజర్" అనిపించేవాడు. బోర్డు వెలిసిపోతే దొండాకు, బొగ్గు కలిపి నూరి తనే రుద్దేవాడు. ఇరవై ఏళ్ళకు పైగా ఒకటి నుంచి నాలుగు దాకా ఒక్కడే చెప్పాడు. రెండో టీచరుగా నన్ను వేశాకే అక్కడ ఐదో తరగతి పెట్టారు. ఊరికి ఎవరు కొత్తగా వచ్చినా నన్ను చూపించి, "ఈమె వచ్చినంక మన బడికి ఐదు పెరిగింది" అనేవాడు, ఇంకో గది కట్టించినంత సంబరంగా.

ఐదో తరగతి విలువ నాకు మొదట తెలియలేదు. అంతకుముందు నాలుగు అయిన మగపిల్లలు ఐదుకు నెక్కొండ నడిచి వెళ్ళేవాళ్ళు. ఆడపిల్లలను అంత దూరం పంపేవాళ్ళు కాదు. ఐదు ఊళ్ళోనే అయితే ఆరుకు ఆడపిల్లల హాస్టల్లో వేయొచ్చు. హాస్టలంటే అన్నం, బట్ట అక్కడే కనుక పంపడానికి తల్లిదండ్రులు వెనకాడరు. అంటే ఆ ఒక్క సంవత్సరమే వాళ్ళకు వంతెన. ఈ సంగతి నాకు చెప్పింది నాలుగో తరగతి పిల్ల తల్లి. బడి మొదలైన వారానికే పిల్లను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నా ముందు నిలబెట్టింది.

"పంతులమ్మా, ఇది వచ్చే ఏడు ఐదు. ఐదైతే హాస్టల్ల ఏస్తమని సారు చెప్పిండు. దీన్ని నా లెక్క మిరపతోటల పాలు చెయ్య. జర మంచిగ చెప్పు."

ఆ పిల్లకు లెక్కలంటే ఒళ్ళంతా చెవులే. నేను బోర్డు మీద లెక్క వేసి ఇటు తిరిగేలోపు జవాబు చెప్పేసి, ఇంకోటి వెయ్యమన్నట్టు చూసేది. నాకు అది ముచ్చటగానూ ఉండేది, ఒక్కోరోజు విసుగుగానూ ఉండేది. ఒకే గదిలో ఇద్దరం ఐదు తరగతులకు చెబుతుంటే తొందరగా జవాబు చెప్పే పిల్ల కూడా ఒక పనే.

దసరా వరకు జీతం వచ్చింది. తరువాత ఆగింది. ఒక నెల ఆలస్యమనుకున్నాను, రెండు నెలలనుకున్నాను. సంక్రాంతి వెళ్ళేసరికి అనుకోవడం మానేశాను. రైలు పాసుకు నాన్న గల్లాలోంచి తీసి ఇచ్చేవాడు. ఏమీ అనేవాడు కాదు. అన్నా బాగుండేది.

అప్పుడు మిరప కోతలు వచ్చాయి.

ఆ పల్లెల్లో మిరప కోత అంటే ఇల్లిల్లూ చేలోనే. పండిన కాయ చెట్టు మీద ఉండనివ్వకూడదు. తల్లి వెంట పిల్లలు వెళ్ళాల్సిందే. రెండు నెలల పాటు బడికి వచ్చేది ముక్కు చీదడం కూడా రాని చిన్నవాళ్ళే. ఎన్ని ఇళ్ళకు తిరిగి బతిమాలినా లాభం లేదని పెద్దసారు ఎప్పుడో తెలుసుకున్నాడు. తెలుసుకుని, ఒక పద్ధతి పెట్టుకున్నాడు. పిల్లలు బడికి రాకపోతే బడే చేలోకి వెళ్ళేది.

పొద్దున ఏడింటికల్లా హాజరు పట్టీ తువ్వాలలో చుట్టుకుని, చంకలో పెట్టుకుని ఆ రోజు ఎవరి చేలో కోత ఉంటే అక్కడికి బయలుదేరేవాడు. సాలు చివర నిలబడి పేర్లు పిలిచేవాడు. మొహానికి బట్ట చుట్టుకున్న పిల్లలు మొక్కల మధ్య నుంచి లేచి "హాజర్" అని మళ్ళీ వంగేవాళ్ళు. సాలు పూర్తయి గట్టు మీదకు వచ్చిన ప్రతివాడికీ పలక మీద ఒక లెక్క, ఒక వాక్యం. మామూలు రోజుల్లో పిల్లలు పలకను ఉమ్మితో తుడిచేవాళ్ళు. కోతల్లో వేలు నోట్లో పెడితే మంట కనుక పెద్దసారు తడిగుడ్డ ఒకటి వెంట తీసుకెళ్ళేవాడు. మధ్యాహ్నం కాయలు ఆరబోసే కల్లం దగ్గర, అన్నాలు తినే వేళ, ఎక్కాలు, పాఠం. ఒక్క పిల్లకూ ఆ రెండు నెలలు వృథా కానిచ్చేవాడు కాదు. వాళ్ళందరికీ పట్టీలో నీలం గీత పడేది.

మొదటిసారి చూసినప్పుడు నేను ఊరుకోలేదు.

"సార్, వీళ్ళు బడికి రాలేదు కదా. వచ్చినట్టు రాస్తే రూల్సు ఒప్పుకుంటాయా?"

"హాజర్ అంటె ఏంది బిడ్డా? పిల్ల పంతులు ముంగట ఉండుడు. ఏడ ఉన్నరని రాసే జాగ ఈ పట్టీల లేదు, చూడు" అని నిజంగానే పట్టీ విప్పి చూపించాడు.

మొదటి వారం బడికొచ్చిన చిన్నవాళ్ళను కూడా తీసుకుని నేనూ ఆయన వెంట వెళ్ళాను. బజారులో పుట్టి పెరిగినదాన్ని. గట్ల మీద నడవడం రాదు. ఘాటుకు కళ్ళ నీళ్ళు ఆగవు, తుమ్ములు ఆగవు. కళ్ళు తుడుచుకోకూడదని తెలియక తుడుచుకుని ఒక పూటంతా ఏడ్చినట్టు కూర్చున్నాను. అదంతా భరించాను. వారం చివర ఒక రైతు, చేను అతనిదే, నలుగురిలో నాతో అన్నాడు.

"పంతులమ్మా, ఊకె నిలబడ్డవు గని, రెండు గంపలు కొయ్యరాదు? సర్కారు కంటె నేనే జల్ది ఇస్త పైసలు."

సాళ్ళలో ఆడవాళ్ళంతా నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, వేళాకోళమే. నేను కూడా నవ్వి ఊరుకుంటే అయిపోయేది. నవ్వలేకపోయాను. నాలుగు నెలలుగా నాన్న గల్లాలోంచి తీసుకున్న రైలు పాసులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

ఆ శనివారమే జీతం సంగతి అడగడానికి పంచాయతీ సమితి ఆఫీసుకు వెళ్ళాను. గుమాస్తా తలెత్తకుండానే, "స్పెషల్ టీచర్లకు బడ్జెట్ రాలేదమ్మా. వచ్చిన నాడు వస్తది" అన్నాడు. ఎప్పుడొస్తుందని అడిగాను. "ఫికర్ జెయ్యకుండ్రి, సర్కారు యాడికి పోతది" అన్నాడు. సర్కారు ఎక్కడికీ పోదు, నిజమే. రోజూ రైలెక్కి పోయేది నేను.

అదే సమయంలో పెద్దసారుకు ఓటర్ల లిస్టు డ్యూటీ పడింది. ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసే పని, పన్నెండు రోజులు, వేరే ఊళ్ళలో. సర్కారుకు ఏ పని పడినా ముందు గుర్తొచ్చేది టీచరే, జీతం దగ్గర తప్ప. వెళ్ళేముందు పట్టీ నా చేతిలో పెట్టాడు.

"చేల దిక్కు నువ్వే పోవాలె బిడ్డా. ఈ ఏడు జర భద్రం. పైనుంచి కాగితం వచ్చింది. హాజర్ తక్కువున్న బళ్ళల్ల రెండో పోస్టు తీసేస్తరట. ఈ రెండు నెలల సగటే చూస్తరట."

విన్నాను. అర్థం కూడా అయింది. రెండో పోస్టు అంటే నేను, నేనంటే ఐదో తరగతి. ఇవన్నీ తెలిసే సోమవారం పొద్దున బడి తాళం తీసి కుర్చీలో కూర్చున్నాను. పదిన్నర నుంచి నాలుగున్నర వరకు బడి అని రాసి ఉంది. ఆ టైముకు వచ్చాను, ఆ టైముకు వెళ్తాను. రూల్సు ప్రకారం ఎవరొస్తే వాళ్ళకు నీలం గీత, రాకపోతే ఎర్ర సున్నా. ఇవ్వని జీతానికి ఇంతకంటే పని చేస్తే నా అంత పిచ్చిది ఉండదనుకున్నాను.

నాన్న దుకాణంలో ఎర్ర రీఫిలు కొత్తది తెచ్చుకున్నాను. పన్నెండు రోజులు సున్నాలు చుట్టాను. వరుసగా, గుండ్రంగా, శుభ్రంగా. వాటిని చుడుతున్నప్పుడు నాకు సుఖంగా ఉండేది. అది దాచి లాభం లేదు. ఆ నెలల్లో నేను నిజంగా చేసిన ఎదురుమాట అదొక్కటే అనిపించేది. సమితి గుమాస్తా మొహాన, చేను రైతు మొహాన, ఇంకా పైన మొహం కూడా తెలియనివాళ్ళ మొహాన రాస్తున్నాననుకున్నాను. రాస్తున్నది ఎవరి పేర్ల ఎదురుగానో చూడలేదు.

నాలుగోరోజు మధ్యాహ్నం ఆ నాలుగో తరగతి పిల్ల గుమ్మం దగ్గరకు వచ్చింది. మొహానికి చుట్టిన బట్ట ఇంకా తీయలేదు. చంకలో పలక ఉంది.

"సారు లేడు గద, నువ్వు రావా టీచర్? మేం గట్టు కాడ ఎదురుచూస్తానం."

"బడి ఇక్కడ ఉంది. నువ్వే రావాలి."

"కోత అయిపోతే వస్త. అమ్మ రానియ్యది. ఒక్క లెక్కన్న చెప్పరాదు? నిలబడే చేస్త."

"అట్లా కుదరదు. వస్తే పూర్తిగా రా."

బోర్డు మీద రెండో తరగతికి వేసిన కూడిక ఉంటే చూసి, పెదవులు కదిలించి, వెళ్ళిపోయింది. పెద్దసారు లెక్కన ఆ రోజు ఆ పిల్ల హాజరే. నేను సున్నా చుట్టాను.

పన్నెండు రోజుల తరువాత పెద్దసారు వచ్చాడు. పట్టీ తీసి చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ చూశాడు.

"చేల దిక్కు పోలేదా బిడ్డా?"

ఈ ప్రశ్న కోసం జవాబు పన్నెండు రోజులుగా నూరుకుంటున్నాను. "పోలేదు సార్. నాలుగు నెలలుగా జీతం లేకుండా చేలల్లో తిరిగి నవ్వులపాలవడం నా వల్ల కాదు. నా డ్యూటీ బడిలో. బడికి రోజూ వచ్చాను."

ఆయన కోప్పడతాడని, నేను ఇంకా అనాల్సినవి ఉన్నాయని సిద్ధంగా ఉన్నాను. ఆయన పట్టీ మూసి, "నిజమే" అన్నాడు. తువ్వాల భుజాన వేసుకుని చేలవైపు వెళ్ళాడు. అనకుండా మిగిలిన మాటలతో నేను సాయంత్రం దాకా కూర్చున్నాను.

కోతలు అయిపోయే రోజుల్లో ఇన్‌స్పెక్టర్ సారు తనిఖీకి వచ్చాడు. బట్టతల, నీరసమైన గొంతు, చెడ్డవాడిలా లేడు. యూరియా బస్తా మీద కూర్చుని పట్టీ తిరగేసి, నన్ను చిన్న పిల్లలతో వరండాలోకి పంపించాడు. లోపల వాళ్ళిద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. మాటలు వినపడలేదు. ఒకసారి మాత్రం పెద్దసారు గొంతు లేచింది. ఇన్‌స్పెక్టర్ టీ తాగకుండానే వెళ్ళాడు.

జూన్‌లో బళ్ళు తెరిచే వేళకు ఆర్డరు వచ్చింది. రెండో పోస్టు రద్దు. ఐదో తరగతి ఎత్తివేత. నన్ను వరంగల్‌కు దగ్గరగా, ఎనుమాముల వైపు ఒక బడికి వేశారు. సైకిలు రిక్షా దూరం. ఆ వారమే ఆగిన జీతం కూడా అంతా కలిపి వచ్చింది. నాన్న సంతోషపడ్డాడు, అమ్మ దేవుడికి కొబ్బరికాయ కొట్టింది. నేనూ సంతోషపడ్డాను. రైలు లేదు, గట్లు లేవు, ఘాటు లేదు. ఆ సంతోషం నిజమైనదే.

సామాను తీసుకోవడానికి వెళ్ళిన రోజు పెద్దసారును అడిగాను, "ఇన్‌స్పెక్టర్‌తో మీరు గట్టిగా చెప్పి ఉంటే ఇంకో ఏడాది ఉంచేవాడేమో కదా సార్?"

"అడిగిన బిడ్డా. కాలేదు" అన్నాడు.

వరండాలో విన్న ఆ లేచిన గొంతును గుర్తు చేసుకోకుండా, మెత్తటి మనిషి, పై అధికారి ముందు నోరు లేవలేదు అనుకున్నాను. తరువాత మూడేళ్ళు ఆ కథను ఆ విధంగానే చెప్పుకున్నాను. టీచర్లు కలిసిన చోట జీతాల మాట వస్తే, పోస్టుల మాట వస్తే, మా పెద్దసారు భయస్తుడని, ఒక్కమాట గట్టిగా అడిగి ఉంటే ఐదో తరగతి నిలిచేదని చెప్పేదాన్ని. నా సున్నాల సంగతి కూడా చెప్పేదాన్ని, కానీ పోరాటంలా చెప్పేదాన్ని. విన్నవాళ్ళు మెచ్చుకునేవాళ్ళు.

మూడేళ్ళ తరువాత ఏడో తరగతి పేపర్లు దిద్దడానికి హనుమకొండలో ఒక హైస్కూలుకు వెళ్ళాను. అక్కడ అదే ఇన్‌స్పెక్టర్ సారు పర్యవేక్షణకు వచ్చాడు. రిటైర్‌మెంటుకు దగ్గరపడ్డాడు. టీ వేళ నన్ను గుర్తుపట్టి పలకరించాడు. మాటల్లో నేను ఊరుకోకుండా ఆ పాత మాటే ఎత్తాను. మా పెద్దసారు గట్టిగా అడగలేదు గాని, అడిగితే మీరు ఆ పోస్టు ఉంచేవారు కదా అన్నాను.

ఆయన టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"అడగలేదా? ఎవరు చెప్పిన్రమ్మా మీకు? నేనే దారి చెప్పిన ఆయనకు. ఆ పన్నెండు రోజులు టీచర్ బడికే రాలేదు, బడి నడవలేదు అని రాసియ్యిండ్రి, ఆ రోజులు లెక్కల నుంచి తీసేస్తనన్న. సగటు నిలబడుతుండె. పోస్టు ఉంటుండె. మీ జాగల ఇంకొకరు వస్తుండిరి."

"మరి?"

"మరేంది? ఆమె రోజూ వచ్చింది, నేను రాయనన్నడు. ఆమె స్పెషల్ టీచర్, రాలేదని రాస్తే కొలువు పోతది, మళ్ళ రాదు అన్నడు. నా మీదికి లేచిండు గూడ. మంచి మనిషే గని, మొండోడు."

అంతే చెప్పి ఆయన మిగిలిన టీ తాగి లేచాడు. ఆ రోజు నేను ఎన్ని పేపర్లు దిద్దానో, ఎలా దిద్దానో చెప్పలేను. ఆ పిల్లలకు మార్కులు సరిగానే పడ్డాయని ఆశ.

మరుసటి సంవత్సరం మిరప కోతల్లో ఒకరోజు సెలవు పెట్టి ప్యాసింజరు ఎక్కాను. అంతవరకు ఎందుకు ఆగానంటే, ధైర్యం చాలక. బడికి తాళం ఉంది. ఏ చేలో ఉన్నాడో దారిలో ఒక ముసలమ్మ చెప్పింది. పెద్దసారు గట్టు మీద గొడుగు నేలకు గుచ్చి, దాని కింద ముగ్గురు చిన్నపిల్లలకు పలకలు దిద్దుతున్నాడు. ఆ జూన్‌లో రిటైరవుతాడట. ఇంకా సన్నబడ్డాడు.

నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "జీతాలు టైముకు వస్తానయా బిడ్డా?" అన్నది మొదటి మాట.

వస్తున్నాయని చెప్పాను. చెప్పి, ఇన్‌స్పెక్టర్ నాతో అన్నదంతా చెప్పాను. రైల్లో వస్తూ కూడదీసుకున్న క్షమాపణ వాక్యాలు ఉన్నాయి, ఒక్కటీ సరిగ్గా రాలేదు. నా ఉద్యోగం కోసం ఐదో తరగతిని పోగొట్టుకోవడం న్యాయమా అని ఆయన మీదే అరిచినట్టయింది.

ఆయన పలక మీద పిల్లవాడి వంకర అక్షరం తుడిచి, మళ్ళీ రాసి ఇచ్చాడు.

"నీ కోసం గాదు బిడ్డా. చేలున్న పిల్లల్ని నా కండ్లతోటి చూసి హాజర్ రాసిన. బడికి వచ్చిన నిన్ను రాలేదని ఎట్ల రాయాలె?" ఇంకో పలక అందుకున్నాడు. "పోస్టు వాళ్ళది. ఇస్తరు, తీస్తరు. నిన్ను పంపి దాన్ని ఉంచుకుంటే మళ్ళ ఇంకో నాలుగు నూర్ల మనిషిని తెచ్చి, ఆమెకూ ఇయ్యకపోతుండిరి. నేను ఎందర్ని అట్ల పంపాలె?"

"నేను చేలోకి వస్తే అసలు ఈ మాటే ఉండేది కాదు కదా సార్."

దానికి ఆయన కాదనలేదు. మంచి మనిషి కనుక కాదంటాడేమోనని ఒక క్షణం ఎదురుచూశాను. ఆయన గొడుగు కొంచెం జరిపి, నాకు నీడలో చోటు ఇచ్చాడు.

అంతలో సాలులోంచి ఒకమ్మాయి గంప నెత్తిన పెట్టుకుని గట్టు మీదకు వచ్చింది. గంప దించి మొహం మీద బట్ట విప్పేవరకు గుర్తుపట్టలేదు. ఆ నాలుగో తరగతి పిల్ల. పొడుగైంది. వేళ్ళ చివర చర్మం పగిలి ఉంది.

"టీచర్! మంచిగున్నవా?" అంది, నిజమైన సంతోషంతో.

బాగున్నానని చెప్పి, ఏం చదువుతున్నావని అడిగాను. జవాబు తెలిసి కూడా అడిగాను.

"నాలుగే టీచర్. ఐదు లేదు గద. నెక్కొండకు అమ్మ పంపలే." ఆ మాట తొందరగా చెప్పేసింది, అసలు చెప్పాలనుకున్నది అది కాదన్నట్టు. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "పిల్లలకు సగం కూలే ఇస్తరు. నేను పెద్దోళ్ళతోటి సమానం కోస్తాన్న. మొన్నటి సంది నాకు పూరా కూలి ఇస్తాండ్రు టీచర్. మా తోటోళ్ళల్ల నేను ఒక్కదాన్నే."

పెద్దసారు పలక దిద్దుతూ తలెత్తలేదు. ఆ పిల్ల నా మొహంలోకి చూస్తోంది, పూర్వం లెక్కకు జవాబు చెప్పి చూసినట్టే.

"మంచిది, చాలా మంచిది" అన్నాను.

నాకు ఆ నెలే రెగ్యులర్ స్కేలు ఇచ్చారు. ఆ మాట వాళ్ళిద్దరిలో ఎవరికీ చెప్పకుండానే రైలెక్కాను.